శౌచానికి కొలత

“ఇది ఏ జన్మలో చేసిన పాపమే అమ్మాయ్?” అని మా అత్తగారు నన్ను అడిగింది ఆసనం దగ్గర దురద గురించి. కోడలు నర్సు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. అయినా ఏడాది పైగా ఆవిడ ఆ బాధ నాతో చెప్పలేదు. రాత్రిళ్ళు లేచి బాత్రూములో వేడినీళ్ళు పోసుకుంటుంటే, ఏమిటని అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పేవారు. చివరికి నోరు విప్పినప్పుడు కూడా జబ్బనలేదు, పాపమన్నారు.

జబ్బుకి మందుంటుంది. పాపానికి ప్రాయశ్చిత్తం ఉంటుంది, లేదంటే అనుభవించడం ఉంటుంది. ఏ పేరు పెట్టుకున్నామన్నదాన్ని బట్టే మనిషి డాక్టరు దగ్గరికి వెళ్తాడో, గోడవైపు తిరిగి పడుకుంటాడో తేలిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో చాలాకాలం స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఈ దురదతో వచ్చినవాళ్ళెవరూ మొదట దాని పేరెత్తరు. కడుపులో బాగాలేదంటారు, నీరసమంటారు, కింద వేడి చేసిందంటారు. ఓపీ చీటీ చేతిలో పట్టుకుని, జనం పల్చబడేదాకా బెంచీ మీద కూర్చుంటారు. మా అత్తగారు ఆ బెంచీ దాకా కూడా రాలేదు. “పేరు పెట్టకుండా రాయవే, ఇంకో ముసలిదానికి పనికొస్తుంది” అని తరవాత ఆవిడే అన్నారు గనక ఇది రాస్తున్నాను.

ఆవిడది గట్టి మడి. తెనాలి పక్క పల్లెలో పుట్టి పెరిగారు. దొడ్డికి వెళ్ళొస్తే మట్టితో కడుక్కోవడం పుట్టింట్లో నేర్పిన పద్ధతి. గుంటూరు అపార్టుమెంటుకి వచ్చాక మట్టి దొరక్క సబ్బు పట్టుకున్నారు. కొన్నాళ్ళకి సబ్బు చాలదనిపించి, పుళ్ళు కడిగే యాంటిసెప్టిక్ మందు చెంబులో కలుపుకోవడం మొదలుపెట్టారు. ఆరుగురు పిల్లల్ని కన్న శరీరం. వయసుతో కండరం పట్టు తప్పి, విసర్జన అయిన తరవాత కూడా కాస్త తడి ఊరుతూ ఉండేది. ఆ తడి తగిలినప్పుడల్లా ఆవిడకి మైలగా తోచేది. మళ్ళీ లేచి కడుక్కునేవారు. కడిగినకొద్దీ మంట, మంట చల్లారాక దురద, గోకితే క్షణం సుఖం, ఆ వెనకే మళ్ళీ తడి.

చర్మవ్యాధుల డాక్టరమ్మ ఓపిగ్గా చూసింది. షుగరు పరీక్ష చేయించింది, ఎందుకంటే షుగరు అదుపులో లేనివాళ్ళకి ఆ మడతల్లో ఫంగస్ తొందరగా పడుతుంది. మొలలున్నాయా, పగుళ్ళున్నాయా, భగందరం ఉందా, తామర, గజ్జి, సోరియాసిస్ లాంటివేమైనా ఉన్నాయా అని వెతికింది. అవేవీ లేవు. “మామ్మగారూ, మీకు మురికివల్ల రాలేదు. అతిగా కడగడంవల్ల వచ్చింది” అంది. చర్మం మీద సన్నని నూనె పొర ఉంటుంది, దానికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది. సబ్బుకి క్షారగుణం. రోజూ పదేపదే సబ్బు పడితే ఆ పొర లేచిపోతుంది. అప్పుడు మలంలో మిగిలిన జీర్ణరసాలు చర్మాన్ని నేరుగా తాకి రేపుతాయి. గోళ్ళతో గోకితే చర్మం చిట్లుతుంది, చిట్లిన చోట నరాలు ఇంకా దురదనే చెబుతాయి, కొన్నాళ్ళకి చర్మం దళసరెక్కి, ముడతలు పడి, దురద అక్కడే స్థిరపడిపోతుంది. రాత్రిపూట వేరే ధ్యాస ఉండదు, పక్క వెచ్చగా ఉంటుంది, అందుకే అప్పుడు ఎక్కువ. వేడినీళ్ళు దురదని కాసేపు మరిపిస్తాయి, తెల్లారేసరికి చర్మాన్ని ఇంకా ఎండగడతాయి.

వైద్యం చెప్పడానికి చాలా చిన్నది. సబ్బు, యాంటిసెప్టిక్ పూర్తిగా మానాలి. మామూలు నీళ్ళతో ఒకసారి కడుక్కోవాలి. రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది తడి ఆర్చాలి. జింక్ ఆక్సైడ్ మలాం పల్చగా రాయాలి. తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్ క్రీము డాక్టరు చెప్పిన కొద్దిరోజులే, ఆ పైన ఒక్క రోజు కూడా వద్దు. తడి ఊరడం తగ్గాలంటే విరేచనం గట్టిపడాలి గనక రాత్రి ఇసబ్‌గోల్. కాఫీ, టీ, పచ్చిమిరప, నిమ్మజాతి పుల్లనివి కొందరికి పడవు, కొన్నాళ్ళు ఆపి చూడాలి. నూలు బట్టే కట్టుకోవాలి. ఇంతే. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చే మూడు నాలుగు మందుల కలగలుపు క్రీములు మాత్రం వద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. వాటిలో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది, రెండ్రోజుల్లో హాయిగా ఉంటుంది, తామర ఉన్నవాళ్ళకి అది లోపల్లోపల పాకి మొండికేస్తుంది. అలాంటివాళ్ళని నేను ఓపీలో చాలామందిని చూశాను.

మా అత్తగారు అన్నిటికీ తలూపి, ఇంటికొచ్చాక ఒక్క మాట అన్నారు. “సబ్బు మానితే నాకు శౌచం ఎలా తీరుతుంది? డాక్టరు మాట సరే, శాస్త్రంలో చూపించు.”

నాకది మొండితనంగా కనిపించలేదు. ఆవిడ జీవితమంతా ఒక లెక్క మీద నడిచింది, ఆ లెక్కని మార్చమంటే దానికి తగ్గ అధికారం అడిగారు. మామగారి బీరువాలో తెలుగు తాత్పర్యాలున్న స్మృతులు ఉన్నాయి. సాయంత్రాలు ఆవిడ మంచం పక్కన కూర్చుని తీసి చదవడం మొదలుపెట్టాను.

మనుస్మృతి ఐదో అధ్యాయంలో ఆ లెక్క స్పష్టంగా ఉంది. మూత్రేంద్రియానికి మట్టి ఒకసారి, గుదానికి మూడుసార్లు, ఒక చేతికి పదిసార్లు, రెండు చేతులకీ కలిపి ఏడుసార్లు. గృహస్థుకి ఇది. బ్రహ్మచారికి రెట్టింపు, వానప్రస్థుకి మూడింతలు, యతికి నాలుగింతలు. నేను అంతవరకు చదివేసరికి ఆవిడ అన్నారు, “ఆయన పోయాక నాది యతి ధర్మమే కదే. నాలుగింతలు.” మూడు నాలుగులు పన్నెండు. దురద మామగారు పోయిన ఏడాదే మొదలైందన్న సంగతి నాకప్పుడు తట్టింది. వైధవ్యం వచ్చిన మనిషి తన ఒంటికి వేసుకున్న శిక్ష అది, శుద్ధి పేరుతో. ఎవరూ వెయ్యలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు.

ఆ లెక్కలో నాకొకటి కనిపించింది, ఆవిడకీ చూపించాను. గుదానికి మూడు, చేతులకి పది, ఆ పైన ఏడు. శ్రమంతా చేతుల మీద పెట్టింది శాస్త్రం. నర్సింగు స్కూల్లో మాకు మొదటి రోజునే నేర్పింది కూడా చేతులు కడగడమే. ఆవిడ మాత్రం ఆ బరువంతా సున్నితమైన చోట మోపారు.

యాజ్ఞవల్క్యస్మృతి ఇంకా సూటిగా చెబుతుంది. వాసన, అంటుకున్న మలినం పోయేదాకా శౌచం చేయాలంటుంది. కొలత అది: గంధం, లేపం. అవి పోయాక ఇంకా కడిగితే దేన్ని కడుగుతున్నట్టు? దక్షస్మృతిలో మరో మెట్టు ఉంది. పగలు చెప్పిన శౌచంలో సగం రాత్రికి, అందులో సగం జబ్బుమనిషికి. శుద్ధి కోరేవాడు చెప్పినదానికన్నా తక్కువా చేయకూడదు, ఎక్కువా చేయకూడదు, విధి దాటితే ప్రాయశ్చిత్తం ఉందని కూడా అక్కడే ఉంది. “మళ్ళీ చదువు” అన్నారు ఆవిడ. మళ్ళీ చదివాను. “ఎక్కువ చేసినా ప్రాయశ్చిత్తమేనా?” “అవును అత్తయ్యా.” “ఐతే ఇన్నాళ్ళూ నేను చేసింది తప్పంటావా?” “తప్పనడం లేదు. మీరు జబ్బుమనిషి, మీకు శాస్త్రం ఇచ్చిన కొలత వేరంటున్నాను.”

ఆ రాత్రి ఆవిడ సబ్బు ముట్టలేదు. మామగారి పాత నూలు పంచె ఒకటి చింపి మెత్తని ముక్కలు చేశాను, వాటిని విడిగా ఉతికి మడిగా ఆరేసే ఏర్పాటు ఆవిడే చూసుకున్నారు. కొన్ని వారాలు పట్టింది. మధ్యలో ఒకటి రెండుసార్లు దురద తిరగబెట్టి, ఆవిడ చెయ్యి మళ్ళీ సబ్బు మీదకి పోయింది కూడా. కానీ చర్మం మెత్తబడింది, తెల్లవారుజాము దాకా నిద్రపట్టసాగింది. లోపలి శౌచం భావశుద్ధి అని అదే దక్షస్మృతిలో ఉన్న మాట ఆవిడ నాచేత ఒక కాగితం మీద రాయించుకుని పూజలో పెట్టుకున్నారు.

ఇక్కడితో అయిపోతే ఇది వైద్యం సంగతిగానే ఉండేది. మా ఆడపడుచు భర్త, నేను అన్నయ్యగారని పిలిచే ఆయన, యోగశాస్త్రం బాగా చదువుకున్నారు. పండక్కి వచ్చి ఈ సంగతంతా విని నా వాదం ఒప్పుకోలేదు. “శౌచంవల్ల తన శరీరం మీద తనకే ఏవగింపు పుడుతుందని పతంజలి చెప్పాడు కదమ్మా. ఆ ఏవగింపు ఫలం. దాన్ని నువ్వు జబ్బంటావేం?” అన్నారు. ఆయన చెప్పిన సూత్రం నిజంగానే ఉంది, యోగసూత్రాల సాధనపాదంలో నలభయ్యోది. మట్టీ నీళ్ళూ పెట్టి ఎంత కడిగినా ఈ శరీరం శుద్ధి కాదని గ్రహించినవాడికి దాని మీద వ్యామోహం ఉండదని వ్యాసభాష్యం దాన్ని వివరిస్తుంది.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది, తేలికగా తోసెయ్యాలనిపించలేదు. చివరికి నాకు జవాబు ఆ పక్కనే దొరికింది, నలభై ఒకటో సూత్రంలో. శౌచంవల్ల సత్త్వం శుద్ధమవుతుంది, మనసు ప్రసన్నమవుతుంది, ఏకాగ్రత కలుగుతుంది, ఇంద్రియాలు స్వాధీనమవుతాయి, ఆత్మదర్శనానికి అర్హత వస్తుంది. అంటే శౌచం ఫలించిందా లేదా అని చూసుకోవడానికి పతంజలే గుర్తులిచ్చాడు. మా అత్తగారికి మనసు ప్రసన్నంగా ఉందా? ఏడాదిగా నిద్ర లేదు. ఏకాగ్రత ఉందా? విష్ణుసహస్రనామం చదువుతూ మధ్యలో లేచిపోయేవారు. ఆవిడ ధ్యాసంతా రాత్రింబవళ్ళు ఆ ఒక్క చోటే ఉంది. శరీరం మీద వ్యామోహం వదలడానికి చేసిన పని ఆవిడని శరీరంలో అంగుళం మేర చోటుకి కట్టిపడేసింది. ఇది వైరాగ్యమని నేనెలా అనుకోగలను? అసహ్యం కూడా ఒక బంధమే. ప్రేమ ఎంత గట్టిగా పట్టుకుంటుందో అదీ అంతే పట్టుకుంటుంది. అన్నయ్యగారు నా జవాబు విని, సూత్రాలు రెండూ కలిపి చదవాలన్నంతవరకు ఒప్పుకున్నారు, మిగతాది ఒప్పుకోలేదు.

ఆయన అన్న రెండో మాట ఓర్పు గురించి. దురదని గోక్కోకుండా ఓర్చుకోవడం తపస్సే కదా అన్నారు. హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త విపశ్యన కేంద్రానికి వెళ్ళొచ్చిన వాళ్ళు నాకు తెలుసు. కదలకుండా కూర్చుని, ఒంటి మీద పుట్టిన దురదని ముట్టుకోకుండా చూస్తూ ఉంటే అది పుట్టి, పెరిగి, పోతుందని చెబుతారు. ఆ సాధన మీద నాకు గౌరవం ఉంది. కాని దోమ కుట్టిన దురద వేరు, లోపల కారణం కూర్చున్న దురద వేరు. రెండోది ఎంతసేపు చూసినా పోదు.

దురదనీ కోరికనీ కలిపి చూడటం మన ఆలోచనలో చాలా పాతది. మజ్ఝిమనికాయంలో బుద్ధుడు మాగందియుడనే పరివ్రాజకుడికి ఒక కుష్ఠురోగి గురించి చెబుతాడు. ఆ రోగి పుళ్ళని గోళ్ళతో గీరుకుంటాడు, నిప్పుల గుంట దగ్గర కాచుకుంటాడు. కాచుకున్నకొద్దీ పుళ్ళు కుళ్ళుతాయి, అయినా ఆ క్షణానికి అతనికి హాయిగానే ఉంటుంది. వైద్యుడి చేతిలో నయమైన తరవాత అతణ్ణి అదే గుంట దగ్గరికి ఇద్దరు మనుషులు లాక్కెళ్ళినా రాడు, ఒళ్ళు వెనక్కి లాగేసుకుంటాడు. మా ఇంట్లో ఆ వేడినీళ్ళ చెంబుని ఏడాది పాటు చూసినదాన్ని గనక ఆ పోలిక ఎంత కచ్చితమైందో నాకు తెలుసు. భాగవతం సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు నరసింహస్వామికి చెప్పుకునే మాటల్లోనూ, గృహస్థసుఖం చేతులు గోక్కోవడం లాంటిదని, దుఃఖం మీద దుఃఖమని వస్తుంది. కృష్ణాతీరంతోనూ శాతవాహన రాజుతోనూ సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు రత్నావళిలో, దురద గోక్కుంటే సుఖమే, అసలు దురదే లేకపోవడం అంతకన్నా సుఖం, కోరికల సంగతీ అంతేనని రాజుకి చెబుతాడు.

వీళ్ళు ముగ్గురూ గోకుడిని వద్దన్నారని అందరూ గమనిస్తారు. దురదని మోస్తూ కూర్చోమని ముగ్గురిలో ఒక్కరూ అనలేదని నేను గమనించాను. బుద్ధుడి కథలో వైద్యుడున్నాడు, నయం కావడం ఉంది. నాగార్జునుడు గోకడం మీద గెలిచినవాణ్ణి పొగడలేదు, దురద లేని స్థితిని పొగిడాడు. గోకడానికీ ఓర్చుకోవడానికీ మధ్య మిగిలేది కారణం వెతకడం. గోకేవాడు వెతకడు, పళ్ళు బిగబట్టుకుని ఓర్చుకునేవాడూ వెతకడు.

చరకుడు తన సంహితలోని విమానస్థానం ఏడో అధ్యాయంలో దీన్ని వైద్యుడి భాషలో చెప్పాడు. మలంలో పుట్టే క్రిములు కిందికి వచ్చి గుదద్వారం దగ్గర పోటునీ దురదనీ పుట్టిస్తాయని రాసి, చికిత్సని మూడు పనులుగా చెప్పాడు. క్రిమిని బయటికి లాగెయ్యడం, అది బతికే పరిస్థితిని చెడగొట్టడం, దాన్ని తెచ్చిపెట్టిన అలవాటు మానడం. పిల్లల్లో నులిపురుగుల వైద్యం ఇవాళ్టికీ ఈ మూడే. తెల్ల దారపు ముక్కలా ఉండే ఆడపురుగు రాత్రి నిద్రలో బయటికి వచ్చి గుడ్లు పెడుతుంది. పిల్లవాడు గోక్కుంటాడు, గుడ్లు గోళ్ళలో చేరతాయి, పొద్దున వేలు నోట్లో పెట్టుకుంటాడు. నిద్రలేవగానే, కడగకముందే, అక్కడ ఒక జిగురు టేపు అద్ది తీసి ల్యాబులో చూపిస్తే గుడ్లు కనిపిస్తాయి. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, రెండు వారాలకి మరొకటి, రెండేళ్ళలోపు పసివాళ్ళకి డాక్టరు చెప్పిన తక్కువ మోతాదు. రెండోసారి ఎందుకంటే మాత్ర పురుగుని చంపుతుంది, గుడ్డుని చంపదు. ఇంట్లో అందరూ ఒకేసారి వేసుకోవాలి. గోళ్ళు కత్తిరించాలి, పక్కబట్టలు ఉతకాలి. 2015 నుంచి మన దేశంలో ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే మాత్ర కూడా ఇదే మందు. ఆ రోజుల్లో బడికి వెళ్ళినప్పుడు తల్లులు నన్ను పక్కకి తీసుకెళ్ళి, “మా ఇల్లు శుభ్రంగానే ఉంటుందమ్మా” అని ముందు ఆ మాట చెప్పి, అప్పుడు పిల్లవాడి సంగతి చెప్పేవారు. శుభ్రంగా ఉన్న ఇంట్లోకీ అది వస్తుంది. బళ్ళో పక్కపిల్లవాడి చెయ్యి పట్టుకుంటే చాలు.

ఇక పాపం సంగతి. మా అత్తగారితో నేను కర్మ లేదని వాదించలేదు, నాకూ నమ్మకం ఉంది. చరకుడూ దైవాన్ని కాదనలేదు. అదే విమానస్థానం మూడో అధ్యాయంలో దైవం, పురుషకారం రెండూ ఉన్నాయని, బలహీనమైన దైవాన్ని బలమైన ప్రయత్నం దాటుతుందని చెప్పాడు. అంతా ముందే రాసిపెట్టి ఉంటే వైద్యానికీ మంత్రానికీ కూడా పనిలేదన్నది ఆయన వాదం. ఏ జన్మదో ఎవరికీ కనిపించని కారణం ఒకటి ఉంటే ఉండవచ్చు. కళ్ళెదురుగా కనిపించే కారణం బాత్రూము గూట్లో సబ్బుపెట్టెలో ఉంది. కనిపించేదాన్ని వదిలి కనిపించనిదాని మీద నేరం మోపడం భక్తి అవుతుందా? నాకు కాదనే అనిపిస్తుంది.

ఆ అంగాన్ని మన పెద్దలు లెక్కలోంచి తీసెయ్యలేదని కూడా ఆవిడకి చెప్పాను. కర్మేంద్రియాలు ఐదింటిలో వాక్కు, చేతులు, కాళ్ళతో సమానంగా పాయువుకీ, అంటే గుదానికీ, స్థానం ఉంది. తత్త్వబోధ ఒక్కో ఇంద్రియానికి ఒక్కో దేవతని చెబుతూ వాక్కుకి అగ్నిని, పాయువుకి మృత్యువుని చెప్పింది. ఆ చోటికి దగ్గర్లోనే మూలాధారం, అక్కడ నిత్యం ఉండేవాడు గణపతి అని అథర్వశీర్షం చదివే ప్రతివాళ్ళూ అంటూనే ఉంటారు. “పూజలో అనే మాటే కదా, డాక్టరుతో అనడానికి ఏమైందే నాకు?” అన్నారు ఆవిడ. దానికి నేను జవాబు చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఇది చదివేవాళ్ళలో ఆ బాధ ఉన్నవాళ్ళకి నర్సుగా నా మాట ఇది. రెండు మూడు వారాలు సబ్బు మాని, తడి ఆర్చుకుని చూసినా తగ్గకపోతే చూపించుకోండి. రక్తం పడినా, గడ్డ తగిలినా, చర్మం తెల్లబారి పల్చబడినా, మలవిసర్జన తీరు మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆ మూడు వారాలు కూడా ఆగకండి. ఎక్కడో అరుదుగా ఆ దురద వెనక క్యాన్సరు ఉంటుంది, తొందరగా చూస్తే దానికీ దారి ఉంటుంది. నలుగురి ముందు నోటితో చెప్పలేకపోతే ఓపీ చీటీ వెనక రాసి అక్కడున్న నర్సు చేతికివ్వండి. మేం చదువుకుని లోపలికి పంపిస్తాం.